పటేల్ చేనులో చివరి నలభై అడుగులు

ఆరేళ్ళుగా ఒక కాలువ నా మీద బరువుగా ఉంది. అది నేల కింద పూడ్చిన కాలువ. పైన దున్నుతారు, నారు వేస్తారు, మనుషులు నడుస్తారు. ఎవరికీ ఏమీ కనిపించదు. నాకు మాత్రం దాని అడుగు బెత్తెడు బెత్తెడుగా గుర్తుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యం. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. చదువంతా జగదల్‌పూర్‌లో, హిందీలో సాగింది. తెలుగు అక్షరాలు సెలవుల్లో భద్రాచలం వైపు మేనమామ ఇంట్లో నేర్చుకున్నాను. ఈ సంగతిని మొదట హిందీలో రాయబోయాను. తహసీల్ ఆఫీసుకు పెట్టుకునే దరఖాస్తులా తయారైంది. చించేశాను.

మా ఊరు బీజాపూర్ జిల్లా అంచున ఉంది. నది దాటితే తెలంగాణ. మా నాయన మట్టిపని చేసేవాడు. చేలల్లో నిలిచిన వాననీటిని బయటికి తీసే కాలువలు తవ్వడంలో ఆయనను మించినవాడు మా వైపు లేడు. చేను గట్టున గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి చూసి, నీళ్ళు పారే వాటం ఎటుందో చెప్పేవాడు. పని ముగిశాక ఎగువన బిందెడు నీళ్ళు పోసి, గట్టు వెంబడి దిగువకు నడిచేవాడు. ఆయన వెళ్ళి నిలుచున్న కాసేపటికి నీళ్ళు వచ్చి చేరాలి. ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటేనే ఆయనకు పని ముగిసినట్టు.

మేమంతా పటేల్ అని పిలిచే ఆసామికి ఊళ్ళోకెల్లా పెద్ద మిరప చేను ఉంది. నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా అందులో కాలువ తవ్వమని నాయనను పిలిచాడు. తూర్పుకు తీయాలని నాయన చెప్పాడు. అది దూరం, పక్కనే ఉన్న పడమటి వాగులోకి తీయమన్నాడు పటేల్. వాగు పొంగితే నీళ్ళు వెనక్కి తంతాయని నాయన చెప్పి చూశాడు. కూలివాడి మాట ఎవరు వింటారు? చెప్పినట్టే పడమటికి తవ్వాడు. వాగు పొంగింది. కాలువ వెంట ఎదురెక్కి వచ్చి చేనును ముంచింది.

అంగడి రోజున, జనం మధ్యలో పటేల్ నాయనను నిలబెట్టాడు. ఈ మనిషికి వాటం తెలియదన్నాడు. తవ్వినవాడే పూడ్చాలన్నాడు. పరీక్షలు రాసి నేను ఇల్లు చేరింది ఆ మర్నాడే. ఇస్త్రీ చొక్కాతో చేను గట్టుకు పోయాను. పటేల్ నన్ను చూసి, నా కాళ్ళ ముందు ఒక పార విసిరి, "డిగ్రీ సార్ గూడ ఒక చెయ్యి ఎయ్యాలె" అన్నాడు. గట్టు మీదివాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో ఎవరెవరి గొంతులున్నాయో ఇప్పటికీ విడివిడిగా చెప్పగలను. ఇద్దరం రెండు రోజులు పూడ్చాము. ప్రతి పార మట్టికీ పటేల్‌ను ఒక మాట లోపల అనుకున్నాను.

ఉద్యోగం రాలేదు. మూడేళ్ళ తరువాత, వెనక తవ్వే చేయి, ముందు మట్టి తోసే బ్లేడు బిగించిన చిన్న ట్రాక్టరు ఒకటి తెచ్చుకున్నాను. ఇరుకు చేలల్లోకి కూడా దూరుతుంది. పిలుపులు బాగానే వచ్చాయి. ఒకరోజు పటేలే మా వాకిట్లోకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మళ్ళీ కాలువ తవ్వాలన్నాడు. "గీసారి మీ నాయన చెప్పిన దిక్కే తవ్వు. తూర్పుకే" అన్నాడు.

అంతకుమించి ఏమీ అనలేదు. అయినా అది క్షమాపణే అని నాయనకు అర్థమైంది. లోపలికి వెళ్ళి ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. ఆయన ముఖం అంత తేటగా ఉండటం నేను చాలా ఏళ్ళ తరువాత చూశాను. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అవమానం అంగడిలో, అందరి ముందు జరిగింది. క్షమాపణ మా వాకిట్లో, ముగ్గురి మధ్య ముగిసిపోయింది. ఇది ఎట్లా సమానమవుతుంది? నాయనకు చాలినది నాకెందుకు చాలలేదు? ఆయన కోసమే పగబట్టానని అనుకునేవాణ్ణి. ఆయన కోసమే అయితే ఆ తువ్వాలు చూసిన క్షణాన అది చల్లారవలసింది. ఆ పార నా కాళ్ళ ముందు పడింది కదా. బహుశా పగ నాదే.

నాయన స్వయంగా గూటాలు పాతాడు. ఎక్కడ ఎంత లోతు తవ్వాలో గూటాల మీద సున్నంతో గీతలు పెట్టాడు. మోకాళ్ళ నొప్పితో మధ్యాహ్నం ఇంటికి పోయాడు. నేను ట్రాక్టరు కదలకుండా దాని ఇనుప కాళ్ళు నేలకు ఆనించి తవ్వుతూ పోయాను. తూర్పు కొసన నలభై అడుగులు మిగిలేవరకు ఆ గీతలను తప్పలేదు. అక్కడి నుంచి తవ్వే బకెట్‌ను కొంచెం కొంచెంగా పైకి తెచ్చాను. ఒక్కో పట్టుకు వేలెడు. కొస చేరేసరికి కాలువ అడుగు ఉండవలసినదానికంటే జానెడు ఎత్తున ఉంది. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు. నీళ్ళు లోపలికి దిగే చిల్లుల గొట్టం పరిచి, కంకర పోసి, పైన మట్టి కప్పేశాను. నీళ్ళు పోసి చూడవా అని పటేల్ అడిగాడు. మిషన్ తవ్విన కాలువకు పరీక్ష అక్కరలేదన్నాను. చదువుకున్నవాడి మాట కదా, తల ఊపాడు.

సాయంత్రం నాయన అడిగాడు: నీళ్ళు పోసినవా బిడ్డా అని. పోసినానని చెప్పాను.

వానలు పట్టాయి. పటేల్ చేనులో నీళ్ళు ఆరు రోజులు కదలలేదు. మిరప మొక్కలు తలలు వాల్చి, వేళ్ళు కుళ్ళి, చేనంతా వాసన వచ్చింది. పని లేకపోయినా నేను రోజూ ఆ దారినే వెళ్ళాను. సంతోషించాను. మీ దగ్గర దాచను. అన్నం రుచిగా తిన్న రోజులు అవి.

ఏడో రోజు పటేల్ నలుగురిని వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. నాయన అప్పుడే బయటినుంచి వచ్చి, బిందె గోడవారగా పెడుతున్నాడు. కాళ్ళకు మోకాళ్ళదాకా నల్లమట్టి. ఆ మట్టి ఎక్కడిదో నాకు వెంటనే తెలిసింది. ఎగువన నీళ్ళు పోసి, దిగువన నిలబడి, రాని నీళ్ళ కోసం ఆయన ఎంతసేపు చూశాడో తెలియదు. నా వైపు ఒక్కసారి చూశాడు. ఆయనకు తెలుసు.

"నువ్వు చెప్పిన దిక్కే గదా తవ్విచ్చిన. ఏమాయె?" అన్నాడు పటేల్.

"నా కన్ను తప్పింది పటేలా. తూర్పు గాదు. పోరనిదేం లేదు, నేను గీత పెట్టినట్టే తవ్విండు."

"గా మాట గప్పుడే ఒప్పుకుంటే అయిపోతుండె గదా ముసలోడా! అంగడిల నిలబడుడు తప్పుతుండె."

వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. అవే గొంతులు.

"ఔ పటేలా" అన్నాడు నాయన.

నేను ట్రాక్టరు పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే ఏమయ్యేది? మళ్ళీ ఎవరూ నన్ను పనికి పిలిచేవారు కారు. అంతే కదా? ఆ అంతే కోసం, పటేల్ మోపిన అబద్ధాన్ని మా నాయన తన నోటితోనే నిజమని చెప్పుకుంటుంటే నేను విన్నాను. వాటం తెలియదని ఆయన మీద పడిన నిందను నిజం చేసిన చెయ్యి నాదే. పటేల్‌ను కొట్టాలని ఎత్తిన చెయ్యి.

ఆ తరువాత వాటం చూడమని నాయనను ఎవరూ పిలవలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే పడేవాణ్ణి. నేను పని ముగించుకుని వచ్చిన ప్రతి సాయంత్రం "నీళ్ళు పోసినవా" అని అడిగే మనిషి, ఆ రోజు నుంచి అడగడం మానేశాడు. నాలుగేళ్ళు బతికాడు. నాలుగేళ్ళూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ మిరప కుళ్ళినందుకు నాకు ఈనాటికీ బాధ లేదు. పటేల్ ఇంకా ఉన్నాడు. కనిపిస్తే నా పళ్ళు బిగుసుకుంటాయి. పశ్చాత్తాపం అంటే అంతా కరిగిపోవాలంటారు. నాలో సగమే కరిగింది. మిగతా సగాన్ని ఏం చేయాలో నాకు తెలియదు. మీరు క్షమించమని అడగను. క్షమించగల మనిషిని మట్టి చేసి రెండేళ్ళయింది.

ఒక్కటి మాత్రం ఎక్కడో రాసి ఉండాలి. మా వైపు తెలుగు చదివేవారు తక్కువ. అయినా రాసి ఉండాలి. తూర్పు దిక్కు సరైనదే. గూటాల మీది గీతలన్నీ సరైనవే. మా నాయన కన్ను తప్పలేదు. చివరి నలభై అడుగులూ ఎత్తు చేసింది నేను.