ఉత్తుత్తి మిషన్ల బెన్‌హర్

అనకాపల్లి గవరపాలెంలో కంప్యూటర్లు బాగుచేసే బెన్‌హర్‌కి జనం తెచ్చే మిషన్లంటే చిరాకు. అతనికి ప్రాణం తన కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా మాత్రమే నడిచే ఉత్తుత్తి మిషన్లు. వాటిని మేల్కొలిపే బయోస్ ప్రోగ్రామ్ కోడ్ నెట్‌లో అందరికీ ఊరికే దొరుకుతుంది. దాన్ని దించుకుని, గోళ్లు కొరుక్కుంటూ మార్చి, తన పేరు చేర్చి, మళ్లీ మళ్లీ తయారుచేసేవాడు. నల్లటి తెర మీద తన పేరు వెలగగానే చొక్కా కాలర్ సర్దుకునేవాడు. వెలగకపోతే ఆ మిషన్‌ని చంపేసి, వెంటనే ఇంకోటి పుట్టించేవాడు. నిజం మిషన్ మీద తన పేరు చూసుకోవాలని మాత్రం ఎప్పటినుంచో తహతహ.

చర్చి కరపత్రాలు, శుభలేఖలు టైపు చేసుకుని బతికే సుజి తన పాత కంప్యూటర్‌ని రిక్షాలో తెచ్చింది. "లెగడానికి సేనా టైం పట్టేత్తందన్నయ్యా," అంది. "నా బయోస్ ఎక్కిత్తాను. సిటికెలో లెగిసిపోద్ది," అన్నాడు బెన్‌హర్. ఉత్తుత్తి మిషన్‌కి తయారుచేసినదాన్నే, నిజం మిషన్‌కి సరిపడుతుందో లేదో చూడకుండా, అందులోకి ఎక్కించాడు. తెర నల్లబడింది. ఎన్నిసార్లు మీట నొక్కినా మళ్లీ లేవలేదు. "ఏటయిందన్నయ్యా? నాకున్నదదొక్కటే," అంది సుజి. బెన్‌హర్ తన తెర ఆమె వైపు తిప్పి, ఉత్తుత్తి మిషన్‌ని లేపాడు. అతని పేరు వెలిగింది. కాలర్ సర్దుకుని, "హమ్మయ్య! నా కోడ్‌లో తప్పేటీ లేదు, సూడు," అన్నాడు.