పెట్రోలు మూతకు తాళం

"ఇంటి తలుపుకే సరైన తాళం లేదు, బండి పెట్రోలు మూతకు తాళమా? ఊరు నవ్వుతాది రా."

"నవ్వనీ మా. పోయిన అమాసకు పీల్చుకున్నారు, అంతకు ముందర అమాసకూ పీల్చుకున్నారు. ఆ నవ్వేటోడే పీల్చినాడేమో!"

"అంత మాట అనాకు నాయనా. ఈ వీధిలో అందరూ మనోళ్లే."

"మనోళ్లకే గదా తెలిసేది, అమాస నాడు నా బండి కదలదని!"

నా కొడుకు ఆ మాట అన్నది ఉత్తినే కాదు. వాడు ధర్మవరంలో ఒక షావుకారు ఇంట్లో కూలికి మగ్గం నేస్తాడు. మా చేను వేసిన విత్తనం కూడా తిరిగి ఇవ్వడం మానేసి చాలా ఏళ్లయింది. వాడి మగ్గమే మా కూడు. అమావాస్య నాడు నేతవాళ్లు మగ్గం ముట్టరు. ముందు రోజు కూలి చేతికి రాగానే ట్యాంకు నింపుకొని వస్తాడు. ఆ పెట్రోలు మళ్లీ పనికి పోయే తెల్లవారుజాము వరకూ ఉండాలి. ఆ వేళకు మా ఊరికి బస్సు రాదు, దారిలో బంకు తెరవరు. రెండుసార్లు ఆలస్యమయ్యేసరికి షావుకారు తేల్చి చెప్పాడు: పెళ్లి చీరలు ఆగిపోతున్నాయి, ఇంకొక్కసారి ఇట్లా అయితే మగ్గం వేరేవాళ్లకు ఇస్తానని.

ఈ రోజు అమావాస్య. నిన్న రాత్రి వాడు బండి పక్కనే మంచం వేసుకొని కాపలా కాశాడు. ఈ రాత్రి కూడా కాస్తే రేపు మగ్గం మీద నిద్రకళ్లకు పోగు కనపడదు.

"సీసాలోకి వంచి ఇంట్లో పెట్టుకో," అన్నాను.

పొయ్యి దగ్గరున్న కోడలు అందుకుంది. "నీ మంచం కిందే పెట్టుకో అత్తా. ఈడ పొయ్యి మండుతాండాది. అందరం ఒకేసారి పోతాం, కట్టెల ఖర్చు గూడా మిగుల్తాది."

నవ్వొచ్చింది. నవ్వితే అలుసని మొహం తిప్పుకున్నాను.

వాడు జేబులోంచి కొత్త మూత తీశాడు. మధ్యాహ్నం బస్సుకు పోయి ముందే కొనుక్కొచ్చాడట. నన్ను అడగడం మర్యాదకు. బిగించి, తాళం వేసి, "లాగు చూద్దాం," అన్నాడు. రెండు చేతులా తిప్పాను. కదల్లేదు.

"సరేలే, గట్టిదే," అన్నాను. నేను ఖర్చును మెచ్చుకోవడం మా ఇంట్లో అరుదు. కోడలు గరిటె ఆపి చూసింది. ఆ రాత్రి వాడు ఇంట్లోనే పడుకున్నాడు.

తెల్లవారుజామున లేచి బండిని తన్నాడు. స్టార్టు కాలేదు. మళ్లీ తన్నాడు. టార్చి వేసి చూస్తే మూత తాళంతో అట్లాగే ఉంది. ట్యాంకు కింద పైపు కోసి ఉంది. ఇదివరకు మూత తిప్పి తీసుకున్నవాళ్లు బంకు దాకా చేరేంతన్నా వదిలేవారు, పైపు జోలికి పోలేదు. ఇప్పుడు పట్టినంత పట్టుకొని మిగిలింది మట్టికి వదిలేశారు.

నేను వీధిలోకి నడవబోతే వాడు చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరినని అడుగుతావు మా? రేపు నీళ్లకు వాళ్ల గడపకే గదా పోవల్ల."

నడుచుకుంటూ రోడ్డు మీదికి పోయాడు. పొద్దెక్కినాక వచ్చే బస్సు ఎక్కాడు. నడిపొద్దు కాకముందే తిరిగి వచ్చాడు.

"నా మగ్గంలో వేరే ఆయప్ప కూచోనుండాడు," అన్నాడు. కోడలు చెంబుతో నీళ్లిచ్చింది. కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చి కూర్చున్నాడు.