గ్యాసా, నరంలోకి మందా?

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె ఆపరేషన్‌కు పోతోంది. పేరు అడగలేదు.

"నిద్రపుచ్చినంక లేవకుండ గ్యాసన్న పీల్పిస్తరట, నరంలకు మందన్న ఎక్కిస్తనే ఉంటరట అవ్వా. పోయినసారి గ్యాసు పెట్టిండ్రు. లేచినంక ఒకటే వాంతులు. కుట్లు తెగుతయేమోనని పొట్ట పట్టుకొని ఏడ్చిన. ఈసారి నరం మందు అడుగుత," అంది.

"నోరు తెరిచి అడుగు బిడ్డా," అన్నాను.

ముందు సీట్లోంచి ఆమె భర్త వెనక్కి తిరిగి నవ్వాడు. "మత్తుల పండేదానికి ఏ మందైతేంది? డాక్టరుతోని నేను మాట్లాడిన తియ్."

"పండుడు సరే, లేచుడు నాది గద," అని ఆమె నాకు మాత్రమే వినబడేలా అంది.

కామారెడ్డిలో అతను స్కాన్ కాగితాలు చంకలో పెట్టుకుని ముందు దిగాడు. ఆమె వెనకాల దిగింది. ఏ మందు ఇచ్చారో తెలియదు. ఆమెను అడిగి ఇచ్చారని మాత్రం అనుకోను.