సుగుణక్క పేరున గుప్పెడు

మొన్న మా కోడలు బియ్యానికి కొత్త స్టీలు డబ్బా తెచ్చింది. ఖాళీ డబ్బాలో నేను మొదటి గుప్పెడు వేయగానే గలగలమని చప్పుడైంది. ఆ చప్పుడుకు ఎస్తేరమ్మగారు మా గుమ్మంలో నిలబడి, "దీనా, ఎసరు పెట్టావా?" అని అడిగినట్టే అనిపించింది. ఆవిడ గురించి రాయాలని ఎన్నో ఏళ్ళుగా ఉంది. కాని నాకు అక్షరాలు వచ్చేవి కావు. చిన్నతనమంతా ఊడ్పులకూ కోతలకూ తిరగడంతోనే సరిపోయింది. ఎవరిచేతనైనా రాయిద్దామంటే ఇందులో మా ఇంటి సంగతి ఉంది. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. అరవై దగ్గరపడ్డాక, చర్చిలో ఆడవాళ్ళకు చదువు చెబుతున్నారంటే వెళ్ళి కూర్చున్నాను. ఇప్పుడు నెమ్మదిగానైనా నా మాట నేనే రాసుకోగలను.

మాది మొగల్తూరు దగ్గర కాలవ గట్టు మీది పేట. ఎస్తేరమ్మగారు మా చర్చి తరఫున ఇంటింటికీ వెళ్ళి ప్రార్థన చేసేవారు. పొట్టి మనిషి, తెల్లచీర, ఎండైనా వానైనా చంకలో గొడుగు. మా చర్చి ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. వంటకు బియ్యం తీసుకున్నాక అందులోంచి ఒక గుప్పెడు తీసి, కాసేపు కళ్ళు మూసుకుని, దేవుడి కోసం వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ బియ్యాన్ని చర్చిలో పోస్తే, పేటలో పొయ్యి వెలగని ఇంటికి చేరుతుంది. ఎవరింటికి చేర్చాలో చూసుకోవడం ఎస్తేరమ్మగారి పని.

తొంభైల్లో ఒక నవంబరులో పెద్ద తుఫాను వచ్చింది. మాది తాటాకిల్లు. సాయంత్రానికే కప్పు లేచిపోయింది. నా భర్త చేపల చెరువు కాపలాకు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. అప్పటికి మాకున్న ఒక్కగానొక్క పసిపిల్ల రూతును పొట్టకు కట్టుకుని పక్కనే ఉన్న మా బావగారి డాబాకు పరిగెత్తి, నా తోటికోడల్ని పిలిచాను. "సుగుణక్కా, పాప తడిసిపోతోంది, తలుపు తియ్యక్కా!" అని గొంతు పోయేలా అరిచాను. కిటికీ సందులోంచి లాంతరు వెలుగు కనబడుతూనే ఉంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. గాలి తగ్గేదాకా ఆ గోడవారనే తడుస్తూ ఉండిపోయాం. తరువాత రూతుకు జ్వరం వచ్చింది. గుండెల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రికి తీసుకెళ్ళినా పిల్ల దక్కలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. "క్షమించెయ్యమ్మా, క్రైస్తవులం కదా." ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎస్తేరమ్మగారు ఆ మాట అనలేదు. అందరూ వెళ్ళాక, "ఎసరు పెట్టావా?" అని అడిగారు. నేను లేవకపోతే తనే పొయ్యి రాజేసి, నాకూ నా భర్తకూ వండిపెట్టి వెళ్ళారు.

కొన్నాళ్ళకు నేనే ఆవిడతో అన్నాను. "గుప్పెడు తీసి కళ్ళు మూసుకుంటే ప్రార్థన రావట్లేదండి. ఆ తలుపే కనపడుతోంది."

"అయితే ఇంకో గుప్పెడు సుగుణ పేరున తియ్యి."

"ఆవిడ పేరునా? నా పిల్లని పొట్టన పెట్టుకున్న మనిషి పేరునా?"

"క్షమించానని చెప్పమన్నానా? నోటికి రాని మాట దేవుడి దగ్గరైనా అనకూడదు. ముందు చెయ్యి కదలనీ."

"మంచి బియ్యం మాత్రం వెయ్యనండి. నూకలేస్తాను."

ఆవిడ నవ్వేశారు. "నూకలే వెయ్యవే. జావకి బాగుంటాయి."

నేను నిజంగానే నూకలు వేశాను. పాత పాలపొడి డబ్బా ఒకటి సుగుణక్క పేరున విడిగా పెట్టాను. ఆదివారం ఆ నూకలు పోస్తుంటే మా ముందు వరసలో కూర్చునే రాహేలమ్మ, "ఏంటి దీనమ్మా, పాస్టరుగారి కోళ్ళకా?" అంది. "నీ బియ్యంలో రాళ్ళేరుకో ముందు," అన్నారు ఎస్తేరమ్మగారు. కోపంతో మొదలుపెట్టిన పని ఏళ్ళ తరబడి సాగింది. కోపం మాత్రం అలాగే ఉండేది.

ఆ తరువాత మా బావగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. వాళ్ళ పిల్లలు తలో దారీ వెళ్ళిపోయారు, ఆ ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైంది. ఒక ఆదివారం ఎస్తేరమ్మగారు గొడుగు పక్కన పెట్టి మా అరుగు మీద కూర్చుని, "ఈ వారం బియ్యం సుగుణ ఇంటికి పంపించాను," అన్నారు.

"నా బియ్యం ఆవిడింటికా!"

"డబ్బాలో పడ్డాక నీదెలా అవుతుందే? దేవుడిది."

"అయితే ఆ దేవుణ్ణే వచ్చి వండిపెట్టమనండి."

ఆవిడ ఏదో అనబోయేలోపే సుగుణక్క బియ్యం సంచి మోసుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. సంచి దింపి, నిలబడే మాట్లాడింది.

"ఇందులో నీ చేతి బియ్యం ఉంది దీనా. నేను తినలేను. గాలి హోరులో నీ పిలుపు వినపడలేదని అందరికీ చెప్పాను. వినపడింది. గడియ తీస్తే గాలి లోపలికొచ్చి ఇల్లు పోద్దని మీ బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. విదిలించుకుంటే వదిలేవారే. నేను విదిలించుకోలేదు."

సంచి అక్కడే వదిలేసి సుగుణక్క వెళ్ళిపోయింది. ఎస్తేరమ్మగారు లేచి సంచి భుజానికెత్తుకున్నారు. దాన్ని మళ్ళీ వాళ్ళింటికే తీసుకెళ్తున్నారని అర్థమై, "ఇప్పుడైనా క్షమించమని చెప్పరేంటండి?" అని అడిగాను.

"దేవుడు నన్ను ఎన్నాళ్ళు ఓర్చుకున్నాడో నాకు తెలుసమ్మా. నిన్ను తొందరపెట్టడానికి నేనెవర్ని?" అన్నారు. సంచి బరువుకు ఒక పక్కకు ఒరుగుతూ నడిచి వెళ్ళారు. గొడుగు మా అరుగు మీదే మరిచిపోయారు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ గొడుగు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ప్రార్థనలో నాకు పెద్ద మాటలు రావు. ఎవరిమీదైనా మనసు విరిగితే ముందు చెయ్యి కదుపుతాను. దేవుడి దయ అంటే నాకు గుర్తొచ్చేది ప్రసంగాలు కాదు, నా నూకల్ని చూసి కోప్పడకుండా పుచ్చుకున్న ఆ మనిషి.

సుగుణక్క వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్న, అలవాటుకొద్దీ నూకల్లో చెయ్యి పెట్టి వెనక్కి తీసేశాను. మంచి బియ్యం గుప్పెడు తీసి కళ్ళు మూసుకున్నాను. ఎప్పటిలాగే ఆ తలుపు కనబడింది. పిడికిలి విప్పకుండా అలాగే వాళ్ళింటికి నడిచాను. తలుపు తెరిచే ఉంది. సుగుణక్క పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఎసరు తెర్లుతోంది. బియ్యం సంచి మాత్రం ముడి విప్పకుండా పక్కనే ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చో అక్కా," అన్నాను. నా చేతిలో గుప్పెడు ఆవిడ ఎసట్లో వేసి, సంచి ముడి విప్పాను.