నాలుగో సీలు ముక్క

మా పాపకి పది నెలలు నిండిన చలికాలం అది. ఢిల్లీ మయూర్ విహార్‌లో ఒక సొసైటీ ఫ్లాట్‌లో మొదటి అంతస్తు మాది. మావారు ఆఫీసుకి చార్టర్డ్ బస్సెక్కి వెళ్ళిపోయాక, పాపనెత్తుకుని ఎండ కోసం కిందికి దిగేదాన్ని. మధ్యాహ్నం దాకా ఎండ నిలిచే చోటు ఒక్కటే, కింది ఇంటి అంకుల్ గ్యారేజీ ముందు. అక్కడ బొంత పరిచి కూర్చునేదాన్ని.

పాపకిప్పుడు మూడేళ్ళు. ఊపిరి సరిగ్గా తీస్తోందో లేదోనని ఇప్పటికీ రాత్రి రెండుసార్లు లేచి చూస్తాను. లేచాక నిద్ర పట్టదు. అలా మేలుకున్న వేళల్లోనే ఇది రాస్తున్నాను. అప్పుడైతే నా భయానికి అంతే లేదు. గుండీ కనబడితే మింగేస్తుందేమో, గాలి వీస్తే జలుబు చేస్తుందేమో.

అంకుల్‌ది విజయనగరం వైపు. మిలిటరీ వర్క్‌షాప్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆయన పాత కారు ఇంజిన్ వెనక నుంచి నూనె కారి, పార్కింగ్‌లో కొత్తగా వేసిన టైల్స్ మీద మరకలు పడేవి. వార్షిక సమావేశం నాటికి నూనె ఆగకపోతే కారు గేటు దాటాల్సిందేనని సొసైటీ ప్రెసిడెంట్ కాగితం పంపాడు. పెట్టుకోవడానికి వేరే చోటు లేదు. గేటు దాటితే ఇక మాయాపురిలో తుక్కు కిందే.

"ఆ కారు ఎల్లిపోతే ఈయన దానెనకే ఎల్లిపోతారమ్మా" అని ఆంటీ నవ్వేవారు. నవ్వి, ఒకసారి గ్యారేజీ వైపు చూసేవారు.

అంకుల్ ఇంజిన్‌ని దించి, విప్పి, చెక్క దిమ్మల మీద తలకిందులుగా నిలబెట్టారు. పిస్టన్ల ఊపుని చక్రాల వైపు పంపే వంకీల ఇరుసు క్రాంక్‌షాఫ్ట్. అది అర్ధచంద్రాల్లాంటి పల్చటి బేరింగ్ రేకుల మీద కూర్చుంటుంది. పైనుంచి ఇనప క్యాపులు బిగిస్తారు. రేకు వీపు పొడిగా ఉండాలట, నూనె లోపలి వైపు మాత్రమే. ఒక్కో రేకునీ పాత పంచె ముక్కతో తుడిచి, కళ్ళు మూసుకుని వీపు మీద వేలు రాసి చూసేవారు.

"తలెంట్రుక అడ్డొచ్చినా రేకు సరిగ్గా కూకోదమ్మా. కళ్ళకి కనబడనిది ఏలికి తెలుస్తాది."

అసలు కష్టం, ఇంజిన్ వెనక చివర నూనెని ఆపే సీలుది. పాత ఇంజిన్ కాబట్టి సీలంటే గ్రాఫైట్ పట్టించిన తాడే. ఒక ముక్క ఇంజిన్ గాడిలో, ఇంకో ముక్క క్యాపు గాడిలో.

"కారకండా బిగించీడం ఎవుడైనా సేస్తాడు. షాఫ్టు తిరగాలి, నూనె ఆగాలి. రెండూ కావాలి" అన్నారు.

కశ్మీరీ గేట్ స్పేర్‌పార్టుల బజారుకి మూడోసారి వెళ్తేగాని దొరకని ఆ తాడుని ముందురోజే నూనెలో నానబెట్టారు. ఆ ఉదయం దాన్ని గాడిలో పెట్టి, గుండ్రటి కర్రతో అటూ ఇటూ దొర్లిస్తూ కూరుతున్నారు. వంటింటి కిటికీలోంచి ఆంటీ కేక వేశారు.

"ఏఁవండీ, నా సపాతీ కర్రేదీ?"

"డ్యూటీ మీదుందే!"

"అలాగే! రాత్రి దాంతోనే ఒత్తి పెడతాను. గ్రీజు కంపు కొడతందంటే ఊరుకోను."

గాడిలోంచి పైకి పొడుచుకొచ్చిన తాడు కొసల్ని బ్లేడుతో కోయాలి. ముక్కకి రెండు కొసలు, మొత్తం నాలుగు. మరీ కిందికి కోస్తే సందుండి కారుతుంది, ఎక్కువ వదిలితే క్యాపు కూర్చోదు. పరిచిన న్యూస్‌పేపర్ మీద మూడు పడ్డాయి. నాలుగోది కోస్తుండగా నేను నోరు తెరిచాను.

"అంకుల్, ఈ వాసన పాపకేమీ చెయ్యదు కదా?"

"ఏటీ కాదమ్మా" అని ఆయన తలెత్తి పాపని చూసి నవ్వారు. బ్లేడు మాత్రం ఆగలేదు.

తరువాత షాఫ్టుని రేకుల మీదికి దించి, క్యాపు అంచుకి పల్చగా సీలెంట్ రాశారు. ఎక్కువైతే లోపలికి పొంగి నూనె దారి మూసేస్తుందట. బోల్టులు ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా వంతులవారీగా బిగించారు. బిగించినప్పుడల్లా షాఫ్టుని చేత్తో తిప్పి చూశారు. చివరికది బరువుగా, ఎక్కడా పట్టెయ్యకుండా తిరిగింది. మా అమ్మ గారెల పిండి రుబ్బి, చేత్తో తీసి చూసుకున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించే నిదానమే ఆయన ముఖంలో చూశాను.

విప్పినవీ కోసినవీ లెక్కపెట్టడం ఆయనకి వర్క్‌షాప్ నాటి అలవాటు. పేపరు మడవబోతూ ఆగిపోయారు.

"మూడే ఉన్నాయేటి?"

అప్పటికి పాప బొంత దాటి పేపరు అంచు దాకా పాకింది. పెదవి పక్కన నల్లటి చార. దిష్టి చుక్క చెదిరిందో, గ్రాఫైటో తెలియలేదు. నోట్లో వేలు పెట్టి వెతికాను. అది గుక్కపట్టి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆంటీ శాలువా కప్పుకుని బయటికొచ్చి, "పద, డాక్టరు దగ్గరికెల్దాం" అన్నారు.

అంకుల్ పాపనీ నన్నూ చూశారు. "ఆగండి. ఉంటే గుంట కడుపులో ఉండాల, లేదా ఇంజిన్లో ఉండాల. గుంటని ఇప్పలేం. దీన్ని ఇప్పగలం." పానా అందుకున్నారు.

ఒకసారి నొక్కుకుపోయిన తాడు మళ్ళీ పనికిరాదని ఆయనే నాకు చెప్పారు. సమావేశానికి ఇంక పన్నెండు రోజులే. బోల్టులు ఒక్కొక్కటీ ఊడి గిన్నెలో పడుతున్నాయి.

"క్యాపులో లేదు" అన్నారు. గాడి పక్కన వేలు రాసి, "గాడి పక్కనా లేదు."

ఆయన షాఫ్టుని వేళ్ళతో అంగుళం అంగుళం తిప్పుతూ టార్చి వేసి చూస్తున్నారు. వంకీ వెనక, నూనెకి అతుక్కుని, మినప పొట్టంత నల్లటి ముక్క పైకొచ్చింది. బ్లేడు కొసతో తీసి నా అరచేతిలో పెట్టారు.

"ఇదిగోనమ్మా. నీ గుంట తినలేదు."

"నేను మాట్లాడబట్టే కదా అంకుల్..."

"బ్లేడు పట్టుకున్నోడు తలెత్తకూడదు. తప్పు నాది."

మర్నాడే బస్సెక్కి మళ్ళీ కశ్మీరీ గేట్ వెళ్ళారు. దొరకలేదు. ఇంకో రెండుసార్లు తిరిగితే దొరికింది. తాడు మళ్ళీ నానింది, కర్ర మళ్ళీ దొర్లింది. కొసలు కోసేటప్పుడు పాప లోపల ఆంటీ ఒళ్ళో ఉంది. నేను గ్యారేజీ గుమ్మంలో నోరు మూసుకుని నిలబడ్డాను. స్టీలు గిన్నెలో నాలుగు ముక్కలూ పడ్డాక గాని ఆయన సీలెంట్ మూత తీయలేదు. ఆ తరువాత ఇంజిన్‌ని తిరిగి కారులో బిగించేదాకా భోజనానికి తప్ప గ్యారేజీలోంచి కదలలేదు.

సమావేశం రోజు ఉదయం కారు కింద తెల్ల దుప్పటి పరిచి, ఇంజిన్ ఒక గంట నడిపి ఆపారు. "నా పెళ్ళినాటి దుప్పటి!" అని ఆంటీ తల కొట్టుకున్నారు. సాయంత్రం ప్రెసిడెంట్, కమిటీ సభ్యులు వచ్చారు. వాళ్ళు వంగకముందే అంకుల్ దుప్పటి లాగి, పెన్సిలుతో గుండ్రంగా గీసిన చోటు తానే చూపించారు. మధ్యలో కందిపప్పంత మరక.

ఆయన ఎందుకు చూపిస్తున్నారో నాకర్థం కాలేదు. చూపించకపోతే ఆ మసక వెలుతుర్లో ఎవరికీ కనబడేది కాదు.

"తాడు సీలు ఇంతమాత్రం చెమరుస్తుంది. కింద రేకు పళ్ళెం పెడతాను, టైల్స్ మీద పడనివ్వను" అని హిందీలో చెప్పారు.

"బస్, ఇత్నా హీ?" అన్నాడు ప్రెసిడెంట్, ఇంతేనా అన్నట్టు.

"వచ్చే ఆదివారం మళ్ళీ వచ్చి చూసుకోండి" అన్నారు అంకుల్.

ఆ ఆదివారం ఎవరూ రాలేదు, కారూ గేటు దాటలేదు. ఆపై ఆదివారం ప్రెసిడెంట్ తన స్కూటర్ తోసుకుంటూ గ్యారేజీ ముందుకొచ్చాడు. దాని ఇంజిన్ కింద నుంచి నూనె కారుతోందట. అంకుల్ దాని పక్కన పీట వేసుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని ఇంజిన్ కింద వేలు రాస్తున్నారు.