చేత్తో తిప్పి వదిలేసిన బోల్టు

పొద్దున మొయినాబాద్‌లో బండికి ముందు బ్రేక్ ప్యాడ్లు మార్పించాను. సాయంత్రం గండిపేట బడి నుంచి మా పాపను వెనక కూర్చోబెట్టుకుని వస్తున్నాను. మొయినాబాద్‌లోకి వచ్చాక, స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే టంగుమని చప్పుడైంది.

“నాన్నా, ఏదో పడింది. ముఖ్యమైందా?” అంది పాప.

దిగి చూశాను. ముందు చక్రం దగ్గర బ్రేక్ ప్యాడ్లుండే క్యాలిపర్‌ను పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకటి లేదు. రెండోది వేళ్లతో తిప్పితే తిరుగుతోంది. ఎంత వెతికినా పడింది దొరకలేదు.

బండి తోసుకుంటూ, దారంతా తిట్లు కూడబెట్టుకుంటూ పొద్దుటి మెకానిక్ దగ్గరికే వెళ్లాను. ఆయన వంగి చూసి తల పట్టుకున్నాడు.

“బోల్టులు ముందుగాల చేతితోని తిప్పి పెడ్త సార్, ఆఖరుకు రెంచి ఏసి బిగిస్త. గంతల్నే మీరు ఆఫీసు కాల్ ఉన్నది, జల్ది ఇయ్యన్నా అని బండెక్కిండ్రు. గా తొందరల నేను గూడ మర్చిపోయిన.”

అన్నది నేనే. కూడబెట్టిన తిట్లన్నీ నాకే సరిపోయాయి. ఆయన కొత్త బోల్టులు బిగించి, వాటి మీద తెల్లరంగుతో గీతలు గీశాడు. గీత పక్కకు జరిగితే బోల్టు వదులైనట్టట. ఇంటికొచ్చాక కూడా ఆ గీతలనే చూస్తూ కూర్చున్నాను.

ఈ రోజు మీరైనా ఎవరినీ తొందరపెట్టలేదని చెప్పండి, కాస్త ఊరటగా ఉంటుంది.

ఇంతకీ ఆ కాల్‌లో నలభై నిమిషాలు మ్యూట్‌లో కూర్చున్నాను. ఎవ్వరూ నా పేరెత్తలేదు.