పొగగొట్టం ఏ పక్క?

నా చిన్నప్పుడు ఒక ఫోటోను కూవం ఏట్లో పారేయబోయాను. భయంతోనే, ఇంకెందుకు?

మేం ఆ ఏటి ఒడ్డునే, చింతాద్రిపేటలో ఉండేవాళ్ళం. మా తాతయ్య బర్మా యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. చచ్చాడన్న కబురూ రాలేదు. పన్నెండేళ్ళు చూశాక దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించమన్నారు పెద్దలు. మా అవ్వ ఒప్పుకోలేదు. నాకు ఎనిమిదేళ్ళు వచ్చేనాటికీ ఆమె నుదుట బొట్టు, చేతులకు గాజులు అట్లాగే ఉన్నాయి.

ఒకరోజు పొద్దున తాతయ్య ఉన్న పటాలంలోనే పనిచేసిన ఒకాయన ఫోటో తెచ్చి, మీవాడేమో చూడమన్నాడు. పాత ఫిలిం నుంచి కొత్తగా వేయించిన ఫోటో. మిలిటరీ మోటారు సైకిలు, దాని మీద ఒక మనిషి. కళ్ళకు పెద్ద అద్దాలు, ముఖమంతా దుమ్ము. ఫోటో తీసిన మరుసటి రోజే బాంబు పడి ఆ మనిషి చనిపోయాడట. పేరు ఆయనకు గుర్తులేదు. హ్యాండిల్ మీది ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. మా తాతయ్యకు తెగిపోయిందీ ఆ వేలే.

"ఇంకేంది చూసేది? మనోడే. రేపు పొద్దున గాజులు తీయించండి" అన్నాడు తాతయ్య వాళ్ళ అన్న.

అవ్వ చప్పుడు కాకుండా ఒక చేత్తో ఇంకో చేతి గాజులు పట్టుకుని కూర్చుంది. అది చూసి, ఫోటో లేకపోతే చావూ ఉండదనుకున్నాను. దాన్ని గౌనులో దాచుకుని వంతెన దగ్గరికి పరుగెత్తి నీళ్ళలోకి వంగాను.

పుదుపేటలో పాత మిలిటరీ బండ్లు విప్పే పక్కింటి మామ అటుగా వచ్చి జడ పట్టి ఆపాడు.

"ఏందే, ఆడ తొంగి చూస్తా ఉండావు? ఆ నీళ్ళల్లో పడితే చేపలు గూడా ముట్టవు నిన్ను."

ఫోటో లాక్కున్నాడు. మనిషిని చూడలేదు, బండినే చూశాడు.

"ఎవుడు వేసినాడే దీన్ని? ఈ బండికి పొగగొట్టం కుడిపక్కనే ఉంటాది. ఈడ ఎడంపక్కకు వచ్చిండాది. ఫిలిం తిరగేసి కొట్టేసినారు."

అంటే ఫోటోలో కుడిఎడమలు తారుమారయ్యాయి, వేలు లేనిది కుడి చేతికి. ఆ మనిషి మా తాతయ్య కాదు.

మామ ఇంటికొచ్చి అదే చెప్పాడు. నేను గంతులేశాను. అవ్వ మాత్రం అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు ఏడ్చింది. "అయితే ఈయన ఎవురి మొగుడో నాయనా! ఆ యమ్మ ఇంకా ఎదురుచూస్తానే ఉంటాది గదా" అంది. ఫోటోను గోడకు తగిలించి దీపం పెట్టింది. ప్రతి అమావాస్యకూ పెడుతూనే వచ్చింది.

నన్ను మాత్రం భయం వదల్లేదు. మామ జాలిపడి అబద్ధమాడాడేమో! అడగడానికి నోరు రాలేదు. మా ఇంట్లో ఎవరికీ అక్షరం ముక్క రాదు, మామకూ రాదు. నలభై దాటాక పట్టుబట్టి చదువు నేర్చుకున్నాను, ఇంగ్లీషు అక్షరాలు కూడా. ఆ ఫోటో దించి చూస్తే పెట్రోలు ట్యాంకు మీది రాతంతా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఇన్నేళ్ళూ సాక్ష్యం మా గోడ మీదే వేలాడింది.

అవ్వ బొట్టుతోనే పోయింది. తాతయ్య కబురు ఇప్పటికీ లేదు. గుండె జారే మాట ఎవరు చెప్పినా, ముందు పొగగొట్టం ఏ పక్కనుందో చూడడం నాకు అలవాటైపోయింది. అమావాస్యకు ఆ పేరు తెలియని మనిషికి దీపం ఇప్పుడు నేనే పెడుతున్నాను. మా తాతయ్యకూ ఏ ఊళ్ళోనో, ఏ తల్లో పెడుతోందేమో.